ఏ రొట్టె కావాలి?

పోయిన వేసవిలో మా వదిన వాళ్ళు వేదాయపాళెంలో ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళాను. వంటింటి సామానంతా అట్టపెట్టెల్లోకి సర్దేశాక, పడగ్గదిలో బీరువా మీదున్న పాత సూట్‌కేసు దించాం. దుమ్ము తుడిచి మూత తెరిస్తే అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, అందులో తెల్ల నూలు తోరణం. దానికి మెరూన్ రంగు అంచు, కింద వరసగా చిన్న చిన్న మామిడి పిందెలు. క్రోషియా అల్లిక.

అది నేను అల్లిందే. ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళు ఆ ఇంట్లో పాలు పొంగించిన రోజున ఇచ్చాను. మధ్యాహ్నం పనులయ్యాక కూర్చుని 40 రోజులు అల్లాను. ఆ రోజు నేను వేసిన మడత వేసినట్టే ఉంది. కవరు మీద పెట్టిన కుంకుమ బొట్టు కూడా చెరగలేదు.

వదిన మొహం చూడలేకపోయాను. ఆమె కూడా నా వైపు చూడలేదు. "అది పైన పెట్టమ్మే, నలిగిపోద్ది" అని మాత్రం అంది. పైన పెట్టాను. ఆ తర్వాత ఇద్దరం గిన్నెల గురించీ, గ్యాస్ కనెక్షన్ మార్పించడం గురించీ మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "ఇచ్చేశాక అది వాళ్ళది. కట్టుకుంటారో దాచుకుంటారో నీకెందుకు?" అన్నారు. మాట న్యాయమైనదే. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఆ 40 మధ్యాహ్నాలు కళ్ళముందు తిరిగాయి. కళ్ళు లాగుతున్నా, "వదిన గుమ్మానికి ఎంత బాగుంటుందో" అనుకుంటూ అల్లిన రోజులవి.

మర్నాడు పొద్దున, కోపం ఇంకా తగ్గకముందే, మా బీరువా కింది అర తెరిచాను. అక్కడ నేను దాచినవి ఉన్నాయి. మైపాడు బీచ్‌లో ఏరిన గవ్వలతో మా పిన్ని చేసిన వినాయకుడు. పక్కింటావిడ కూతురు రంగులు వేసిచ్చిన గాజు సీసా. ఒక స్నేహితురాలు కుట్టిచ్చిన అద్దాల దిండు గలీబు, చెంపకి గుచ్చుకుంటుందని ఒక్కరోజూ వాడలేదు. వాటిలో ఏ ఒక్కటీ పారెయ్యలేదు, ఏ ఒక్కటీ బయట పెట్టలేదు. అంటే మా వదిన నాకు చేసింది నేను కనీసం ముగ్గురికి చేశాను. వాళ్ళు మా ఇంటికి ఎప్పుడు వచ్చినా షోకేసు వైపు ఒకసారి చూస్తారేమోనని నాకో బెరుకు. ఇప్పుడా బెరుకు వదినదీ అని అర్థమైంది.

అదే అర పక్కన, తలుపు వెనక మేకుకి ఒక ప్లాస్టిక్ వైరు బుట్ట వేలాడుతూ ఉంటుంది. నీలం, తెలుపు గళ్ళు. 1988లో మా అమ్మ స్నేహితురాలు అల్లి ఇచ్చింది. అమ్మ నాకిచ్చింది. పిడి దగ్గర రెండుసార్లు తెగితే ముడేశాను. ఇవాళ్టికీ కూరగాయలకి దాన్నే పట్టుకెళతాను. అది ఇచ్చినావిడ అప్పుడు ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుని అల్లిందో నాకు తెలీదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మకి చేతిసంచి తెగిపోయి, వంకాయలు రోడ్డు మీద దొర్లడం చూసిందట. తర్వాతి వారం బుట్ట తెచ్చిచ్చింది.

రెండూ చేత్తో అల్లినవే. ఒకటి సూట్‌కేసు అడుగుకి పోయింది, ఇంకొకటి ముప్పై ఏళ్ళు దాటినా బజారుకి వెళుతోంది. ఎందుకని ఆలోచిస్తే నాకు తట్టింది ఇది: బుట్ట అల్లినావిడ మా అమ్మని చూస్తూ అల్లింది. నేను తోరణం అల్లేటప్పుడు నా పనితనాన్ని చూసుకున్నాను. వదిన గుమ్మం ఎంత వెడల్పో కూడా కొలుచుకోలేదు.

మన నెల్లూరు వాళ్ళకి ఈ విషయం ఎవరో వచ్చి నేర్పాల్సిన పనిలేదు. ప్రతి ఏడూ మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా పక్కన, మన కళ్ళముందే జరుగుతుంది. చాంద్రమానం కాబట్టి ఏటికేడాది దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ, ఒకప్పుడు చలిలో, ఒకప్పుడు ఎండలో, ఒకప్పుడు వానలో వస్తుంది రొట్టెల పండగ. బారా షహీద్ అంటే 12 మంది అమరులు. ఆర్కాటు నవాబు భార్య జబ్బు ఆ దర్గా మహిమతో నయమైందనీ, అప్పటినుంచే ఈ రొట్టెలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైందనీ పెద్దలు కథ చెబుతారు. కథ మాటెలా ఉన్నా, చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడే ఆడవాళ్ళలో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు అందరూ ఉంటారు.

అక్కడ జరిగే పద్ధతి గమనించండి. రొట్టె ఇంట్లో కాల్చిందే. గోధుమపిండి, నీళ్ళు, కాస్త చెయ్యి. ఏ రొట్టె చూసినా ఒకేలా ఉంటుంది. కానీ దానికో పేరుంటుంది. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, ఇల్లు రొట్టె. ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి, తీరిన కోరికేదో బయటికి చెబుతారు. అదే కోరిక ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి తీసుకుంటారు. వాళ్ళ కోరిక తీరితే మళ్ళీ ఏడు అదే రొట్టె ఇంకొకరికి తెచ్చివ్వాలి. కూతురి పెళ్ళి కోసం వచ్చిన తల్లి చేతిలో ఎవ్వరూ ఉద్యోగం రొట్టె పెట్టరు. పెట్టినా ఆమె పుచ్చుకోదు, మొహమాటం లేకుండా "నాకు పెళ్ళి రొట్టె కావాలమ్మా" అంటుంది. ఇచ్చేవాళ్ళకి అవమానం లేదు, అడిగేవాళ్ళకి చిన్నతనం లేదు.

నేను చిన్నప్పటినుంచీ ఆ చెరువు గట్టు మీద తిరిగినదాన్నే. రొట్టె ఇచ్చాను, పుచ్చుకున్నాను. అయినా ఇంటికొచ్చాక అందరికీ ఒకటే రొట్టె పంచుతూ వచ్చాను. నాకు ఏది బాగా వచ్చో అదే అందరికీ.

మన ఆడవాళ్ళకి తెలిసిన ఇంకో ఉదాహరణ రవికగుడ్డ. శ్రావణమాసం వచ్చిందంటే ఒక్కో ఇంట్లో కనీసం పాతిక చేరతాయి. వాటిలో కుట్టించుకునేవి ఎన్ని? ఈ పేరంటంలో వచ్చింది ఆ పేరంటానికి వెళుతుంది. నేను ఇచ్చిన ఆకుపచ్చ ముక్క ఒకటి మూడో ఏడు నా ఒళ్ళోకే తిరిగొచ్చింది, మూలకి పెట్టిన పసుపు మరకతో సహా. దాన్ని నేను తప్పుపట్టను. రవికగుడ్డ గౌరవానికి గుర్తు, అది అలా తిరగడానికే పుట్టింది. పుచ్చుకున్నవాళ్ళు ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. చేత్తో చేసినదానికి ఆ వెసులుబాటు లేదు. వాడలేరు, వేరేవాళ్ళకి ఇవ్వలేరు, పారెయ్యలేరు. బీరువాలో పెట్టుకుని, మనం వచ్చినప్పుడల్లా ఇబ్బంది పడతారు.

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త క్రిస్మస్ కానుకల మీద ఒక వ్యాసం రాశాడు. విద్యార్థులని అడిగి లెక్క కట్టాడు. ఇచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చు కన్నా, పుచ్చుకున్నవాళ్ళు ఆ వస్తువుకి కట్టే విలువ పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ వచ్చిందట. అభిమానం విలువ పక్కన పెట్టి చెప్పమన్నాడు కాబట్టి ఆ లెక్క మనలాంటి వాళ్ళకి కాస్త కటువుగా ఉంటుంది. అభిమానాన్ని పక్కన పెడితే కానుకలో ఇంకేముంది అంటారు మీరు. నేనూ అలాగే అనేదాన్ని, మా నాయన సంగతి జరిగేదాకా.

మాది మైపాడు దారిలో ఊరు. నాయనకి వరి తప్ప ఇంకో పని తెలీదు. చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల గుంటలు అయినా ఆయన చాలాకాలం వడ్లే పండించాడు. తీపి అంటే ప్రాణం. నా పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి సంక్రాంతికీ నేను అరిసెలు చేసి పట్టుకెళ్ళడం అలవాటు. కొత్త బియ్యం నానబెట్టి, పిండి కొట్టించి, పాకం చూసి, నువ్వులద్ది, నేతిలో వేయించి, ఒక స్టీలు డబ్బా నిండా. డబ్బా మూత తీసి ఆయన వాసన చూడటం, "మా పాప చేతి అరిసె" అనడం, అదే నాకు పండగ.

ఆయనకి షుగర్ వచ్చిందని నాకు తెలుసు. "ఒక్కటి తింటే ఏం కాదులే నాయనా" అని నేనే అనేదాన్ని. డబ్బాలో నలభై పెట్టి ఒక్కటి తినమనడం ఎంత తెలివితక్కువో అప్పుడు తట్టలేదు. ఒక ఏడు పండగ అయిన నెలకి కాలివేలి మీద చిన్న పుండు లేచింది. మానలేదు. ఆసుపత్రిలో రక్తం చూసి డాక్టరమ్మ కేకలేసింది. వేలు తీసెయ్యాల్సి వస్తుందేమో అన్నారు. మూడు నెలలు కట్లు మార్చి మార్చి, దేవుడి దయవల్ల దక్కింది.

ఆ మూడు నెలల్లో ఒకరోజు వరండాలో అమ్మ నెమ్మదిగా చెప్పింది. "రెండేళ్ళ నించీ ఆయనకి తీపి మీద మనసు లేదు మే. నోరు చేదుగా ఉండాదని అంటానే ఉండాడు. నువ్వు కష్టపడి చేసి తెచ్చినావని, నువ్వు ఫోన్ చేసి తిన్నావా నాయనా అని అడుగుతావని, రోజుకొకటి తిన్యాడు."

ఇది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. కొట్లో కొన్న స్వీట్లయితే ఆయన పక్కింటి పిల్లలకి పంచేసేవాడు. నా చేతివి కాబట్టి తిన్నాడు. అభిమానంతో చేసిన వస్తువుని కాదనడం అభిమానాన్నే కాదనడం అవుతుందని ఎదుటివాళ్ళు భయపడతారు. ఆ భయం మనం వాళ్ళకి కానుకతో పాటు చుట్టి ఇస్తున్నాం. కాబట్టి చేత్తో చేసి ఇచ్చేవాళ్ళు కొని ఇచ్చేవాళ్ళ కన్నా ఎక్కువ ఆలోచించాలని నా అభిప్రాయం. "ప్రేమతో చేశాను కదా" అనేది సరిపోదు. వద్దనడానికి వీల్లేని వస్తువు ఇస్తున్నప్పుడు, అది వాళ్ళకి పనికొచ్చేదో కాదో తెలుసుకునే బాధ్యత మనదే.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంకో సంగతి చూశాను. ఆయన మాత్రలన్నీ ఒకే పాలిథిన్ కవర్లో ఉండేవి. తిండికి ముందువి, తర్వాతవి, రాత్రివి అన్నీ కలగలిసి. కళ్ళజోడు పెట్టుకుని కవరంతా మంచం మీద కుమ్మరించి వెతుక్కునేవాడు. ఇంటికొచ్చి పాత కాటన్ పంచె ముక్కతో మూడు అరల సంచి కుట్టాను. అరకొక రంగు: పొద్దుటికి పసుపు, మధ్యాహ్నానికి తెలుపు, రాత్రికి నీలం. మెడలో వేసుకునేలా నాడా. అరగంట పని. కుట్టు కూడా వంకరే వచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. మామూలుగా ఆయన ఫోన్ చెయ్యడు. "ఆ సంచి మాసిపోయినాది పాపా. ఇంకోటి కుట్టు. ఈసారి కళ్ళజోడుకి గూడా ఒక అర పెట్టు." ఇరవై ఏళ్ళ అరిసెలకి ఆయన ఒక్కసారి కూడా "ఇంకా చెయ్యి" అని అడగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అప్పటినుంచి నా కొలబద్ద అదే. బాగుంది అన్నారా లేదా అని చూడను. రెండోసారి అడిగారా అని చూస్తాను.

మన పెద్దవాళ్ళకి ఇది తెలుసు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. అప్పుడు పక్కవాళ్ళు, చుట్టాలు అన్నం, చారు, మజ్జిగ పంపుతారు. ఎవరూ ఆ రోజు గుత్తివంకాయ చేసి పనితనం చూపించరు. గొంతు దిగేది పంపుతారు. బాలింత ఉన్న ఇంటికి బొబ్బట్లు తీసుకుపోయే బదులు, కారప్పొడీ పథ్యం కూరా పంపే అత్తలు ఇప్పటికీ ఉన్నారు. వీటిని మనం కానుకలని అనం. నా దృష్టిలో మన ఇళ్ళల్లో చేసే కానుకల్లో ఇవే గొప్పవి.

నేనే ఆ పాఠం మర్చిపోయిన రోజు ఇంకొకటి ఉంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది. కోవూరు వైపు ఇళ్ళు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మా వీధి ఆడవాళ్ళం కలిసి పెద్ద డేగిశా నిండా పులిహోర కలిపి పొట్లాలు కట్టి పట్టుకెళ్ళాం. బడిలో తలదాచుకున్నవాళ్ళు నమస్కారం పెట్టి తీసుకున్నారు. ఒక ముసలావిడ మాత్రం పొట్లం చేతిలో పట్టుకుని, "పొద్దున్నించీ ఇది మూడోది తల్లీ, కడుపులో మంట. ఇంత మజ్జిగన్నం దొరుకుద్దా?" అంది. పక్కనున్న చిన్నమ్మాయి నన్ను పక్కకి పిలిచి ఇంకోటి అడిగింది, నెలసరి గుడ్డలు. మేం వెళ్ళేముందు ఒక్క ఫోన్ చేసి ఏం కావాలి అని అడిగి ఉంటే సరిపోయేది. మాకెవరికీ తట్టలేదు. పులిహోర చెయ్యడం వచ్చు కాబట్టి పులిహోర చేశాం. రెండో రోజు పెరుగు, పాత కాటన్ చీరలు, ప్యాడ్లు తీసుకెళ్ళాం. ఆ ముసలావిడ మజ్జిగన్నం తిన్న తీరు నేను మర్చిపోను.

ఇవన్నీ అయ్యాక నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మీకు నచ్చితే వాడుకోండి.

మొదటిది, అడగటం. "ఏం కావాలి?" అని మొహాన అడిగితే మనవాళ్ళు "అయ్యో, ఏమొద్దు" అంటారు. అదే "కంది పొడి కొడుతున్నా, నీకు పంపనా, నువ్వుల పొడి పంపనా?" అంటే టక్కున చెబుతారు. రెండూ వద్దనుకుంటే "పొడులు ఉన్నాయక్కా" అని తప్పుకునే దారీ ఉంటుంది. ఆ దారి ఉంచడం ముఖ్యం.

రెండోది, కొంచెం ఇవ్వడం. మనకి కిలోల లెక్క అలవాటు. ఇద్దరే ఉండే ఇంటికి రెండు కిలోల ఆవకాయ ఇస్తే అది కానుకలా ఉండదు, అప్పులా ఉంటుంది. పావుకిలో సీసా ఇస్తే తిని, అయిపోయాక తలుచుకుంటారు. రొయ్యల పచ్చడైతే మరీ. నీళ్ళింకేదాకా వేయించి చేసినా తడి చెంచా పడిందంటే బూజు పడుతుంది. చిన్న సీసాల్లో పెడితే ఒకటి పాడైనా ఇంకోటి మిగులుతుంది. చేపల పులుసు చేసిన రోజు కన్నా మర్నాడు బాగుంటుందని మనందరికీ తెలుసు. అందుకే నేను రాత్రి వండి పొద్దున పంపుతాను, "ఇవాళే తినెయ్యండి" అని చెప్పి.

మూడోది, గిన్నె. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మన ఆచారం, గుప్పెడు పంచదారైనా వేసి పంపాలి. మంచి ఆచారమే. కానీ ఉద్యోగానికి పరిగెత్తే పిల్లకి మన స్టీలు గిన్నె వారం రోజులు గుండెల మీద బరువు. అందుకని తిరిగివ్వక్కర్లేని డబ్బాలో ఇస్తాను. హార్లిక్స్ సీసాలు దాచుకునే అలవాటు ఇలా పనికొచ్చింది.

నాలుగోది, అలంకరణ వస్తువుల జోలికి పోకపోవడం. వాళ్ళ గోడ రంగు, వాళ్ళ గుమ్మం, వాళ్ళ ఇష్టం. అడిగితే తప్ప చెయ్యను. వాడితే అరిగిపోయేవి, తింటే అయిపోయేవి చేస్తాను: మసిగుడ్డలు, పాత చీరల బొంతలు, దీపపు వత్తులు, సున్నిపిండి, కుంకుడుకాయ పొడి. వత్తులకి ఉన్నంత గిరాకీ నేను చేసే ఇంకే వస్తువుకీ లేదు, కార్తీకమాసం ముందు పదిమంది అడుగుతారు.

ఐదోది, చేత్తో చేసిందే ఇవ్వాలనుకుంటే అది మన చెయ్యే కానక్కర్లేదు. మన జిల్లాలో ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నాయి. అడవి కర్రతో చెక్కే చెంచాలు, ఫోర్కులు. అవి నాన్‌స్టిక్ పెనాన్ని గీరవు, కొత్త కాపురానికి పనికొస్తాయి. వెంకటగిరి నేతచీర ఉంది, ఎండాకాలం ఒంటి మీద బరువు తెలియదు. మలైకాజా అడిగేవాళ్ళకి కొట్లోదే తీసుకెళ్ళాలి. నేనొకసారి ఇంట్లో చేసి హైదరాబాదు పట్టుకెళితే మా మరిది తిని, మర్యాదగా, "వదినా, ఈసారి నెల్లూరులో కొన్నది తీసుకురా" అన్నాడు.

ఇదంతా విని మా పెద్దమ్మాయి ఒప్పుకోలేదు. "అడిగి ఇస్తే ఇంక సరదా ఏముందమ్మా? ఆర్డరు తీసుకున్నట్టుంటుంది. నా స్నేహితురాలు నా పుట్టినరోజుకి తనే రాసిన ఉత్తరం ఇచ్చింది. నేను అడగలేదు, నాకు పనికిరాదు. అయినా జాగ్రత్తగా పెట్టుకున్నాను" అంది. ఆ మాటలో నిజం ఉంది. మనవడు గీసిన బొమ్మకి ఎవరూ ఉపయోగం లెక్క చూడరు. ఉత్తరం ఎక్కువ చోటు ఆక్రమించదు, గోడకి కట్టమనదు, తిని చూపించమనదు. పిల్లవాడు బొమ్మ ఇచ్చి మర్చిపోతాడు, మళ్ళీ వచ్చి ఎక్కడ పెట్టావని అడగడు. పెద్దవాళ్ళం మనమే అడుగుతాం, నోటితో కాకపోతే కళ్ళతో. ఇచ్చి మర్చిపోగలిగితే ఏదైనా అడక్కుండా ఇవ్వొచ్చు. నాకు అది చేతకాదని తెలిసింది కాబట్టి అడిగి ఇస్తున్నాను.

పుచ్చుకునేవాళ్ళకి కూడా ఒక మాట. వాయనం పుచ్చుకునేటప్పుడు పుచ్చుకున్నానని నోరు తెరిచి చెప్పాలి కదా. అలాగే వద్దన్నదీ, కావాలన్నదీ చెప్పడం నేర్చుకోవాలి. మా నాయన మొదటి ఏడే "తీపి వద్దు పాపా" అని ఉంటే నేను ఒక పూట చిన్నబుచ్చుకునేదాన్ని, అంతే.

చివరికి ఆ తోరణం సంగతి. రెండు నెలలు ఊరుకుని, కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు వదిననే అడిగేశాను. "వదినా, నిజం చెప్పు, అది నచ్చలేదా?" ఆమె కాసేపు కొంగు సర్దుకుంది. "నచ్చకేమే. ఆ ఇంటి ముందు రోడ్డంతా దుమ్ము. తెల్ల నూలు. రెండు రోజులకే మాసిపోద్ది, ఉతికితే మామిడిపిందెలు పీక్కుపోతాయేమోనని భయం. నువ్వు అంత కష్టపడి అల్లినావని పాడుచెయ్యలేక దాచినా" అంది. ఎనిమిదేళ్ళు నేను లెక్కలేదనుకోదగ్గ పనిని ఆమె గౌరవంగా చేసింది. ఆ గౌరవం వల్లనే ఆ తోరణం ఒక్కరోజు కూడా గాలి చూడలేదు.

"అయితే నీకేం కావాలి?" అన్నాను, చెరువులో నిలబడి అడిగినట్టు.

ఆమె నవ్వింది. "నువ్వు దోశల్లోకి చేస్తావే ఎర్రకారం. అదీ, దాని మీద చల్లే పప్పుల పొడీ. నాకు ఎండుమిరపకాయలు నూరితే దగ్గొస్తాది. ఎన్నేళ్ళ నించో అడగాలని. ఏమనుకుంటావోనని అడగలా."

ఎండుమిరపకాయలు నానబెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కాస్త చింతపండు వేసి రుబ్బి, నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం పైన వస్తుంది. ఇప్పుడు చిన్న సీసాలో పంపిస్తున్నాను. అయిపోగానే ఖాళీ సీసా ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, మాటేమీ ఉండదు.

తోరణం తిరిగి అడిగి తెచ్చుకున్నాను. మా గుమ్మానికి కట్టాను. కొలత సరిగ్గా సరిపోయింది. మొదటినుంచీ అది మా గుమ్మానికే అల్లానేమో. పదిహేను రోజులకోసారి ఉతుకుతున్నాను. ఇప్పటికి రెండు మామిడిపిందెలు ఊడిపోయాయి.